బస్తాల లెక్క సరిపోయింది, బరువు సరిపోలేదు: మార్చి 31 స్టాకులో 12 టన్నుల తేడా

పిక్కల_చిట్టా
పలాస దగ్గర జీడిపిక్కలు కోసి పప్పు తీసే యూనిట్ లెక్కలు ఇవి. ఏడాదికి 12,000 బస్తాల కటింగ్. మార్చి 31న ఆడిటర్ మనుషులు వచ్చి గోడౌన్ లెక్క తీశారు. పుస్తకంలో పిక్కలు 2,140 బస్తాలు. నేల మీద లెక్కపెట్టినా అచ్చంగా 2,140. అక్కడితో పనైపోయిందనుకుంటే ప్రతి ఇరవయ్యో బస్తా కాటా మీద పెట్టించారు. గోనె తీసేసి సగటు నికరం 74.2 కిలోలు వచ్చింది. పుస్తకంలో బస్తా అంటే 80. అంటే 1,71,200 కిలోలు ఉండాల్సిన చోట 1,58,788 ఉన్నాయి. తేడా 12,412 కిలోలు, అంటే 155 బస్తాలు. బస్తా 12,000 చొప్పున 18 లక్షల 60 వేలు నష్టం రాయమంటున్నారు. ఓనరుగారు స్టోరు కుర్రాడిని అనుమానిస్తున్నారు. తాళాలు రెండు, కెమెరాలు నాలుగు ఉన్నాయి. సరుకు మే నెలాఖర్లో నాలుగు చినుకులు పడ్డాక కొన్నది. గేటు రిజిస్టర్లో తేమ 14 శాతం అని ఉంది. ఇది దొంగతనమా, కొనుగోలులో తప్పా, లెక్కలో తప్పా?

కాశీబుగ్గ_కాటా
ఇప్పుడు తేమ ఎంతుందో కొలిచారా? అది చూడకుండా దొంగని వెతకడం ఏటి?

పిక్కల_చిట్టా
నిన్న మీటరు పెట్టాం. 8 శాతం.

కాశీబుగ్గ_కాటా
అయితే మీ దొంగ సూర్యుడు. కేసు పెట్టుకోండి.

లెక్కల_మేస్టారు
నవ్వులాట అయ్యాక లెక్క చూడండి. 14 శాతం తేమ అంటే 80 కిలోల్లో పొడి సరుకు 68.8 కిలోలు. అదే పొడి సరుకు 8 శాతం తేమ దగ్గర 68.8 ÷ 0.92, అంటే 74.78 కిలోలు తూగుతుంది. చాలామంది 14 లోంచి 8 తీసేసి 6 శాతం తరుగు అంటారు, అది తప్పు. అసలు తరుగు 6.52 శాతం. బస్తాకి 5.22 కిలోలు నీళ్లుగా పోయాయి. 2,140 బస్తాల మీద 11,165 కిలోలు. మీ 12,412లో ఇది తీసేస్తే మిగిలేది 1,247 కిలోలు, పదిహేను పదహారు బస్తాలు. వెతకాల్సింది ఆ 1,247 కిలోల కోసం. దాని విలువ లక్షా 87 వేలు, 18 లక్షలు కాదు.

నాగావళి_ఆడిట్
మేస్టారి లెక్కకి ఒక మాట కలుపుతాను. 18.60 లక్షలు నష్టం రాయడం ఏఎస్-2 (సరుకు విలువ కట్టే అకౌంటింగ్ ప్రమాణం) ప్రకారం కూడా సరికాదు. సరుకు స్వభావం వల్ల తప్పని తరుగు మామూలు తరుగు. దాన్ని వేరే నష్టంగా చూపరు, మిగిలిన సరుకు రేటులో కలిసిపోతుంది. బస్తా 12,000 అంటే కొన్న రోజు కిలో 150. ఇప్పుడు 74.78 కిలోలకి అదే 12,000 కాబట్టి కిలో 160 రూపాయల 47 పైసలు. స్టాక్ విలువ దాదాపు అక్కడే ఉంటుంది. వివరణ లేని 1,247 కిలోలు మాత్రం అసాధారణ నష్టం కింద ఈ ఏడాది ఖర్చులోకి వెళ్లాలి.

అయితే ఇక్కడితో గండం గడిచిపోలేదు. రేటు పెరిగిన ఆ సరుకుని పప్పుగా అమ్మితే పెట్టుబడి వెనక్కి వస్తుందా అన్నది చూడాలి. తయారైన సరుకు ఖర్చు కంటే తక్కువకి పోయేలా ఉంటే ముడిసరుకు విలువ కూడా తగ్గించాల్సిందే.

ఉద్దానం_తోట
14 శాతం సరుకు 80 కిలోల లెక్కన ఎందుకు కొన్నారు అని ఎవరూ అడగరేం?

పలాస_గుండు_బద్ద
అదే అసలు ప్రశ్న. ఈ తేడా మార్చి 31న పుట్టలేదు, మే నెలలో గేటు దగ్గర పుట్టింది. ఆడిట్ దాన్ని బయటపెట్టిందంతే. ఇంకో సంగతి, వాడేసిన సుమారు పదివేల బస్తాల్లో ఎన్ని పచ్చిగా వచ్చాయో వాటి నీళ్లు కూడా ఇలాగే పోయి ఉంటాయి. బస్తా లెక్కన స్టోరు నుంచి బాయిలర్‌కి ఇస్తుంటే అది ఎప్పటికీ కనపడదు. పుస్తకంలో బస్తా వచ్చింది, బస్తా వెళ్లింది, సున్నాకి సున్నా.

బస్తాకి 5.22 కిలోల నీళ్లు, కిలో 150 చొప్పున 783 రూపాయలు. మీ బస్తా లాభం ఎంతో చెప్పండి, పక్కన పెట్టి చూద్దాం.

పిక్కల_చిట్టా
గేట్ కటింగ్ టెస్ట్‌లో, అంటే శాంపిల్ పిక్కలు కోసి చూసేదాంట్లో, బస్తాకి 48 పౌన్ల పప్పు వస్తుందని చూపించి కొన్నారు. అసలు వచ్చింది 46. పప్పు అన్ని గ్రేడ్ల సగటు కిలో 680. బాయిలింగ్, కటింగ్, పొట్టు తీత, గ్రేడింగ్, టిన్నులు, కరెంటు అన్నీ కలిపి బస్తాకి 2,000. తొక్క 52 కిలోలు, కిలో 7.

లెక్కల_మేస్టారు
46 పౌన్లంటే 20.87 కిలోలు. 680 చొప్పున సుమారు 14,188. ఖర్చు 2,000 తీసి, తొక్క 364 కలిపితే 12,552. కొన్నది 12,000. బస్తాకి 552 మిగులు.
44 పౌన్లు వస్తే 13,571 – 2,000 + 364 = 11,935. బస్తాకి 65 నష్టం.
పౌను ఖరీదు 308 రూపాయలు. మీ 12,000 బస్తాల మీద ఒక్క పౌను తేడా వస్తే ఏడాదికి 37 లక్షలు. సేల్స్ వాళ్లు కిలోకి రెండు రూపాయలు ఎక్కువ తెచ్చామని మీసం మెలేస్తారు గాని, దానివల్ల బస్తాకి వచ్చేది 42 రూపాయలు.

గరివిడి_కొలిమి
జీడిపిక్కలు నాకు తెలీవు గాని ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీల్లో ఇదే జబ్బు కోక్ బొగ్గుతో ఉంటుంది. వానాకాలం లారీ దిగితే తేమ మామూలు కంటే నాలుగైదు శాతం ఎక్కువ. ఆర్డర్లో "పొడి బరువు మీద చెల్లింపు" అని రాయించుకున్న యూనిట్ నీళ్లకి డబ్బు కట్టదు. రాయించుకోనిది కడుతుంది. ఫర్నేస్‌లో ఆ నీళ్లని ఆవిరి చెయ్యడానికి మళ్లీ కరెంటు బిల్లు.

ఉద్దానం_తోట
అందరూ రైతు మీద పడకండి. పచ్చి పిక్కకి బేరంలోనే రేటు తగ్గించి కొంటారు. రేటు తగ్గించి, మళ్లీ తేమ కోత అంటే ఒకే దెబ్బ రెండుసార్లు కొట్టడం. పైగా 2018 అక్టోబర్ తిత్లీ తుఫాను తర్వాత ఉద్దానంలో చెట్లు ఎన్ని మిగిలాయి? లోకల్ సరుకు చాలక ఆఫ్రికా పిక్క మీద బతుకుతున్న యూనిట్లే ఎక్కువ. ఆ ఆఫ్రికా అమ్మకందార్ల దగ్గర మాత్రం ఏ కోతా లేకుండా కంటైనర్ దించుకుంటారు.

పలాస_గుండు_బద్ద
ఉద్దానం బావ మాటలో న్యాయం ఉంది. రేటులో ఒకసారి, తూకంలో ఒకసారి కొయ్యకూడదు. ఏదో ఒకటే. కొనేముందే బేస్ తేమ 10 శాతం అని చెప్పి, ఎక్కువుంటే తూకం సవరించి, రేటు మాత్రం పూర్తిగా ఇవ్వడం శుభ్రమైన పద్ధతి. 14 శాతం బస్తాకి 80 × 86 ÷ 90, అంటే 76.44 కిలోలకి డబ్బు. ఎండబెట్టి తెచ్చిన రైతుకి పూర్తి తూకం. అప్పుడు ఎండబెట్టడానికి అతనికీ ఒక కారణం ఉంటుంది.

కంటైనర్ల మాటకొస్తే కోత లేదనడం తప్పు. ఆఫ్రికా కాంట్రాక్ట్‌లో పౌన్లు రాసి ఉంటాయి. ఉదాహరణకి 47 గ్యారంటీ, తగ్గితే ఆ నిష్పత్తిలో ధర తగ్గింపు, 45 కంటే దిగితే తిరస్కరణ. తేమకి కూడా గరిష్ఠం రాస్తారు. చిక్కు ఎక్కడంటే, లోడింగ్ దగ్గర తీసిన శాంపిల్ చెల్లుతుందా, విశాఖ పోర్టులో దిగాక తీసింది చెల్లుతుందా అన్నది చాలామంది చదవరు. ఓడలో కంటైనర్ లోపల చెమట పట్టి పైవరస బస్తాలు బూజు పడతాయి. దిగాక తీసిన రిపోర్టు చెల్లే కాంట్రాక్ట్ అయితేనే క్లెయిమ్.

కాశీబుగ్గ_కాటా
48 చూపించి 46 రావడానికి సగం కారణం కటింగ్ టెస్టే. శాంపిల్ ఎవరు తీశారు? లారీ తలుపు దగ్గరున్న నాలుగు బస్తాలేనా?

పిక్కల_చిట్టా
కళాసీలు పైనుంచి తీసిచ్చినవి.

కాశీబుగ్గ_కాటా
అదీ సంగతి. పద్ధతి ఇది:

ప్రతి పదో బస్తా. లారీకి 200 ఉంటే 20. ప్రతి బస్తాలో పైన, నడుమ, అడుగున ఇనుప గొట్టం దించి తియ్యాలి. మొత్తం పట్టా మీద పోసి బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు పారేసి, మళ్లీ కలిపి, ఒక కిలో మిగిలేదాకా అలాగే. ఆ కిలోలో పిక్కలు లెక్కపెట్టాలి. 180 ఉంటే ఒక రకం, 210 ఉంటే చిన్న పిక్క, గుండ్లు (విరగని పప్పులు) తక్కువ గ్రేడులోకి పోతాయి. తర్వాత ఒక్కో పిక్క నిలువునా కోసి మూడు గిన్నెలు: మంచిది, మచ్చ లేదా లేత, కుళ్లు లేదా నూనెక్కినది లేదా ఖాళీ. మంచిదానికి పూర్తి బరువు, మచ్చ, లేతలకి సగం, మూడో గిన్నెకి సున్నా. వచ్చిన గ్రాములని 0.17637తో గుణిస్తే 80 కిలోల బస్తాకి పౌన్లు.

మంచిది 252 గ్రాములు, మచ్చ 28 అనుకోండి. 252 + 14 = 266. గుణిస్తే 46.9 పౌన్లు.

పొట్టుతో తూచారా, తీసి తూచారా, ఆ రోజు పిక్కలో తేమ ఎంత, రెండూ అదే చీటీ మీద రాయాలి. పచ్చి పిక్కలో పప్పు కూడా పచ్చిదే, బరువెక్కువ చూపిస్తుంది. 48 అలాగే వచ్చి ఉంటుంది.

రాజాం_గోనె
ఆ మిగిలిన 1,247 కిలోల గురించి ఒక అడుగు. గేటు దగ్గర ఖాళీ గోనెకి ఎంత తీస్తున్నారు?

పిక్కల_చిట్టా
600 గ్రాములు. ఎప్పట్నుంచో అంతే.

రాజాం_గోనె
80 కిలోల పిక్క పట్టే జనపనార గోనె 600 గ్రాములు తూగుతుందా? ఇరవై ఖాళీ గోనెలు కాటా మీద పెట్టి చెప్పండి. కుట్టుతాడు, మాసికలతో సహా.

సువర్ణముఖి_సిఏ
ఈలోగా బ్యాంకు సంగతి. ఓసీసీ లిమిట్ (సరుకు తాకట్టు మీద బ్యాంకు అప్పు) ఉంటే నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్ ఇస్తారు కదా, దాంట్లో ఇన్నాళ్లూ బస్తా 80 అనే వేశారు. 2,140 బస్తాలు 2 కోట్ల 56 లక్షల 80 వేలు. సప్లయర్లకి బాకీ 60 లక్షలు అనుకుంటే మిగతా దాని మీద 25 శాతం మార్జిన్ పోను డ్రాయింగ్ పవర్, అంటే వాడుకోగలిగే అప్పు, 147.6 లక్షలు. స్టాక్ 18.6 లక్షలు తగ్గిస్తే 133.65. అంటే ఒక్కరోజులో 14 లక్షలు వెనక్కి కట్టమంటారు. నాగావళి గారు చెప్పినట్టు రేటు సవరించి, కిలోలు తక్కువ, కిలో రేటు ఎక్కువ అని కాగితం మీద చూపిస్తే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది. బ్యాంకు స్టాక్ ఆడిటర్ రాకముందే చెప్పాలి. వచ్చాక చెప్తే సాకులాగే వినపడుతుంది.

కంపెనీ అయి, లిమిట్లు 5 కోట్లు దాటితే, మూడు నెలలకోసారి బ్యాంకుకి ఇచ్చిన లెక్కలు పుస్తకాలతో కలిశాయా లేదా అని కారో 2020 (కంపెనీల ఆడిట్ రిపోర్టులో ఏమేం రాయాలో చెప్పే ఉత్తర్వు) కింద ఆడిటర్ రాయాలి. అదే కారోలో భౌతిక లెక్కలో 10 శాతం, ఆ పైన తేడా ఉందా అని కూడా ఉంది. మీది 7.25, గీత కిందే. ప్రొప్రయిటరీకి, భాగస్వామ్య సంస్థకి, చిన్న కంపెనీకి కారో లేదు.

నాగావళి_ఆడిట్
గీత కిందున్నంత మాత్రాన వదిలేస్తారనుకోకండి. టాక్స్ ఆడిట్ రిపోర్టులో ముడిసరుకు ఎంత వాడారు, పప్పు ఎంత వచ్చింది, దిగుబడి శాతం, తరుగు, అన్నీ పరిమాణాల్లో రాయాలి. ఒక ఏడాది 80 కిలోల లెక్కన, ఇంకో ఏడాది 74 లెక్కన రాస్తే దిగుబడి శాతం గెంతులేస్తుంది. ఆ తర్వాత నోటీసుకి జవాబు రాసుకుంటూ కూర్చోవాలి.

చీపురుపల్లి_చిల్లర
నా అనుమానం వేరే. ఏడాదికి సరిపడా సరుకు రెండు నెలల్లో కొని దాచడమే దండగ కదా? మే నెలలో కొన్న బస్తా మార్చి దాకా ఉంది. వడ్డీ పదిన్నర శాతం అయితే 8 నెలలకే బస్తాకి 840 రూపాయలు. మేస్టారు చెప్పిన మిగులు 552. వడ్డీ ఒక్కటే లాభాన్ని మింగేసి త్రేన్చింది.

ఉద్దానం_తోట
సీజన్లో కొనకపోతే ఆగస్టులో పిక్క ఎక్కడ దొరుకుతుంది? చెట్టుకి ఏప్రిల్‌లో కాస్తుంది గాని బ్యాంకు వడ్డీ చూసి కాయదు కదా.

పలాస_గుండు_బద్ద
ఇద్దరిదీ సగం సగం. సీజన్ తర్వాత ధర 840 కంటే ఎక్కువ పెరుగుతుందని నమ్మకం ఉంటే దాచుకో. దానికి గోడౌన్ అద్దె, తరుగు, ఇన్సూరెన్స్ కూడా కలుపుకో. పశ్చిమ ఆఫ్రికా పంట ఫిబ్రవరి నుంచి జూన్ దాకా, టాంజానియాది అక్టోబర్ నుంచి. అంటే ఏడాదికి రెండు గేట్లున్నాయి. లోకల్ సరుకుతో నాలుగైదు నెలలు, మిగతాది టాంజానియా మీద అని విడగొట్టుకుంటే డబ్బు అంతకాలం బస్తాల్లో ఇరుక్కోదు. డాలరు, ఓడ ఆలస్యం ఉండనే ఉంటాయి, అందుకని నెల సరుకు వెనక ఉంచుకోవాలి.

సువర్ణముఖి_సిఏ
ఇన్సూరెన్స్ అన్నారు కాబట్టి: 2.5 కోట్ల సరుకుంచి 1.5 కోట్లకి పాలసీ తీసుకుంటే, 20 లక్షల సరుకు తడిస్తే 12 లక్షలే ఇస్తారు. తక్కువ బీమాకి అదే నిష్పత్తిలో కోత. హుద్‌హుద్, తిత్లీ చూసిన జిల్లాలో ఇది వేరే చెప్పాలా. మే, జూన్ నెలల్లో స్టాక్ గరిష్ఠంగా ఉన్నప్పటి విలువకి తియ్యాలి, మార్చి 31 విలువకి కాదు.

గరివిడి_కొలిమి
మీకు బస్తాలన్నా ఉన్నాయి. మాకు కుప్పలు. శంకువులా పోసిన మాంగనీస్ ఓర్ కుప్ప చుట్టుకొలత 44 మీటర్లు, ఎత్తు 3 ఉంటే, వ్యాసార్ధం 7, ఘనపరిమాణం 154 ఘనమీటర్లు. సాంద్రత 2.1 వేస్తే 323 టన్నులు, 2.3 వేస్తే 354. టన్ను 12,000 అనుకున్నా సాంద్రత అంకె ఒక్కటే మూడున్నర లక్షల పైన లాభం పుట్టిస్తుంది, లేదా చంపేస్తుంది. నిరుటి అంకె వాడకుండా ఒక ఘనమీటరు పెట్టె నింపి మూడుసార్లు తూచి సగటు వెయ్యాలి. మట్టినేల అయితే అడుగు ఓర్ భూమిలోకి దిగిపోతుంది, అది ఎవడూ తవ్వి తియ్యడు. కాంక్రీటు వేస్తే ఆ నష్టం ఆగుతుంది.

చీపురుపల్లి_చిల్లర
సాంద్రతతో లాభం పుట్టించే వాళ్లని కొలిమి గారు బాగా దగ్గర్నుంచే చూసినట్టున్నారు.

గరివిడి_కొలిమి
నేనేం అనలేదు బాబూ.

కాశీబుగ్గ_కాటా
చిట్టా గారూ, పిక్కలు కాకుండా మధ్యలో ఉన్న సరుకు తీశారా? స్టాక్ తీత రోజు ఎక్కువ తప్పులు అక్కడే. బాయిల్ అయి ఆరుతున్న పిక్క, కోసి డ్రయ్యర్లో ఉన్న పప్పు, పొట్టు తియ్యడానికి బయటికిచ్చిన పప్పు, గ్రేడింగ్ బల్ల మీద ఉన్నది. బయటికిచ్చినదానికి చీటీ మీద సంతకం కావాలి. లేకపోతే మీ సరుకే మీకు లోటుగా కనపడుతుంది. లెక్క మొదలయ్యేముందు ఆఖరి గేటు రసీదు నంబరు, ఆఖరి ఇష్యూ చీటీ నంబరు, ఆఖరి ఇన్వాయిస్ నంబరు రాసుకుని గీత కొట్టాలి. లారీ గేటు బయట నిలబడి ఉండి బిల్లు పుస్తకంలో పడితే కథ వేరే.

పలాస_గుండు_బద్ద
గ్రేడ్ కూడా చూడాలి. మొత్తం కిలోలు సరిపోయినా గుండు బద్ద అయితే డబ్బు పోతుంది. బస్తాకి 20.87 కిలోల్లో 5 శాతం గుండు నుంచి బద్దకి జారి, తేడా కిలోకి 100 అయితే బస్తాకి 104, ఏడాదికి పన్నెండున్నర లక్షలు. కారణాలు మూడు నాలుగే: సైజు వారీగా జల్లెడ పట్టకుండా ఒకే బ్లేడు సందులో కొయ్యడం, బాయిలింగ్ తర్వాత పూర్తిగా ఆరనివ్వకుండా కటింగ్‌కి పంపడం, డ్రయ్యర్లో ఎక్కువ ఎండి పొట్టు తీసేటప్పుడు చిట్లడం. లాటు చీటీ మీద గుండు శాతం రాస్తే ఏ సప్లయర్ పిక్క, ఏ షిఫ్టు, ఏ మిషన్ అన్నది నెలలో తేలిపోతుంది. పెద్ద గుండ్ల డబ్ల్యూ 240 డబ్బాలో చిన్న గుండ్ల డబ్ల్యూ 320 కలిస్తే అది స్టాక్ విలువలో లాభం, కొన్నవాడు వాపసు పంపినప్పుడు నష్టం.

రాజాం_గోనె
గోనెలు తూచారా?

పిక్కల_చిట్టా
తూచాం. ఇరవై కలిపి 22 కిలోల 200 గ్రాములు. ఒక్కోటి 1.11. ఆడిటర్ వాళ్లు అసలు గోనె బరువే తీశారు, గేటు దగ్గర 600 తీశాం.

లెక్కల_మేస్టారు
బస్తాకి 510 గ్రాముల గోనెని పిక్క రేటుకి కొన్నారు. 2,140 బస్తాల మీద 1,091 కిలోలు. 1,247లో ఇది పోతే మిగిలింది 156 కిలోలు, రెండు బస్తాలు. 171 టన్నుల్లో అది నేల మీద రాలింది, శాంపిల్‌కి పోయింది, ఎలకలు తిన్నది. స్టోరు కుర్రాడికి టీ ఇప్పించమనండి ఓనరుగారిని.

నాగావళి_ఆడిట్
మరి ఆ 1,091 కిలోలు? గోనె బరువుకి కట్టిన డబ్బు మామూలు తరుగు కాదు. సప్లయర్‌కి డెబిట్ నోట్ (ఎక్కువ కట్టిన డబ్బు వెనక్కి అడిగే కాగితం) పంపగలిగితే పంపండి. పది నెలలయ్యాక ఒప్పుకుంటారని నమ్మకం లేదు. ఒప్పుకోకపోతే దాని లక్షా 64 వేలు ఈ ఏడాది ఖర్చులో రాసెయ్యండి, స్టాక్ రేటులో కలపొద్దు.

పిక్కల_చిట్టా
డెబిట్ నోట్ ఇవాళే పంపుతున్నాం. ఆడిటర్ గారికి తేమ రిజిస్టరు, గోనెల తూకం, ఈ లెక్క మూడూ ఇస్తాను. ఈ సీజన్‌కి గేటు చీటీలో ఏమేం ఉండాలో ఎవరైనా ఒకచోట రాసి పెట్టండి. రేపు ఉదయం మొదటి లారీ.

కాశీబుగ్గ_కాటా
లాటు నంబరు, వేబ్రిడ్జి స్థూల బరువు, లారీ ఖాళీ బరువు, బస్తాల సంఖ్య, ఆ లాటులో పది ఖాళీ గోనెల సగటు, తేమ మూడు రీడింగులు, కిలోకి పిక్కల సంఖ్య, పౌన్లు, సవరించిన నికర బరువు. కింద రెండో వరస ఖాళీగా ఉంచండి: కళ్లంలో ఎండబెట్టాక మళ్లీ కాటా, తేదీ, తేమ. పుస్తకంలోకి కిలోలు ఆ రెండో వరస నుంచే ఎక్కాలి. గోడౌన్లో పాత లాటు ముందుకి, కొత్తది వెనక్కి. శనివారం శనివారం ఏదో ఒక లాటులో పది బస్తాలు చెప్పకుండా తూచండి.

సువర్ణముఖి_సిఏ
రైతు దగ్గర నేరుగా కొంటే జీఎస్టీ రివర్స్ ఛార్జి, అంటే పన్ను కొన్నవాళ్లే కట్టాలి, సొంత ఇన్వాయిస్ రాసుకోవాలి. చీటీ మీద "రైతా, వ్యాపారా" అని ఒక గడి పెట్టుకోండి.

ఉద్దానం_తోట
తేమ మీటరు రైతుకి కనపడేలా పెట్టండి. మీటరు లోపల గదిలో, రైతు బయట ఎండలో ఉంటే ఏ అంకె చెప్పినా నమ్మడు.

పిక్కల_చిట్టా
గేటు పక్కనే బల్ల వేయిస్తున్నాను.

చీపురుపల్లి_చిల్లర
కుర్రాడికి టీ ఇప్పించారా?

పిక్కల_చిట్టా
ఓనరుగారు ఇంకా ఎలకల దగ్గరే ఉన్నారు.